ఓపెన్ సోర్సు సంఘములందలి మాటమర్యాద

మన పల్లెలలో ఊరుమ్మడి చెఱువు ఎట్టిదో చదువరులెఱుగుదురు. ఆ చెఱువు ఏ యొక్కనిదియు గాదు, అందఱిదియు. దాని నీటితో పొలములు తడియును, పశువులు దప్పి తీర్చుకొనును, దారిన పోవు బాటసారియు దోసిలి పట్టి త్రాగును. అయితే ఏటేట పూడిక తీయకున్నను, గండి పడినప్పుడు పూడ్చకున్నను ఏ చెఱువును నిలువదు. పూర్వము ఆ పనికి ఇంటికొక మనిషి చొప్పున పలుగు పాఱలతో వచ్చెడివారు. అట్లు వచ్చినవారిలో ఒకడు పక్కవానిని, "నీకు తట్ట మోయుట కూడ చేతగాదు, పొమ్ము" అని నలుగురిలో తూలనాడినచో, వాడు మఱునాడు రాడు. వాని అన్నదమ్ములును రారు. గండి మాత్రము అట్లే యుండును.

ఈ కాలమున లోకమంతటికిని ఉమ్మడియైన అట్టి చెఱువొకటి కలదు. దానిని ఓపెన్ సోర్సు సాఫ్టువేరు అందురు. దానిని త్రవ్వినవారిలోను, నేడు పూడిక తీయుచున్నవారిలోను అనేకులు ఒకరి ముఖమొకరు చూచి యెఱుగరు. అట్టివారు ఒకరితో నొకరు ఎట్లు మాటలాడుకొనవలెను, మాట చెడినప్పుడు పని యెట్లు చెడినది, చెడినదానిని వారెట్లు చక్కబఱచుకొనిరి అను విషయములను మా బాలబాలికలకును, వారి తలిదండ్రులకును ఈ వ్యాసమున తెలుపదలచితిమి.

ఓపెన్ సోర్సు అననేమి?

కంప్యూటరు గాని, మన చేతిలోని సెల్‌ఫోను గాని తనంతట తానేమియు చేయజాలదు. ఏ పని తరువాత ఏ పని చేయవలెనో వరుసగా చెప్పు ఆజ్ఞలు దానికి కావలెను. ఆ ఆజ్ఞల మొత్తమును సాఫ్టువేరు అనియు, మనుష్యులు చదివి గ్రహింపదగిన రీతిని వ్రాసిన దాని మూలరూపమును సోర్సు కోడు అనియు అందురు. కొన్ని కంపెనీలు సాఫ్టువేరును అమ్మునుగాని సోర్సు కోడును చూపవు. ఇది ఆవకాయ జాడీని అమ్మి, అందు కారమెంత, ఆవపిండి యెంత, ఉప్పెంత, నూనె యెంత అను పాళ్లు చెప్పకుండుట వంటిది. ఓపెన్ సోర్సువారు జాడీతోపాటు పాళ్లును చెప్పుదురు. అంతేగాక, ఆ పాళ్లను మీ యిష్టానుసారము మార్చుకొనుడు, మార్చినదానిని పొరుగువారికి పంచుడు అని వ్రాతమూలముగ అనుమతియు నిత్తురు.

1983వ సంవత్సరమున అమెరికా దేశమునందు రిచర్డు స్టాల్మను గారు గ్ను అను పేర ఇట్టి స్వేచ్ఛగల సాఫ్టువేరును నిర్మింప బూనిరి. 1991వ సంవత్సరము ఆగస్టు నెలలో ఫిన్లాండు దేశపు హెల్సింకి విశ్వవిద్యాలయమున చదువుచుండిన లినస్ టోర్వాల్డ్సు గారు, అప్పటికి 21 ఏండ్ల ప్రాయమువారు, తాము వినోదార్థమొక ఆపరేటింగు సిస్టమును వ్రాయుచున్నామని తెలిపి, తోడివారి సలహాలను గోరిరి. అదియే లినక్సు అయినది. నేడు ప్రతి ఆండ్రాయిడు ఫోనునకును అడుగున లినక్సు ఉన్నది. లోకమున మిక్కిలి వేగముగల 500 కంప్యూటరుల పట్టికలో 2017వ సంవత్సరము నవంబరు నుండి లినక్సుతో నడువనిది ఒక్కటియు లేదు.

మన తెలుగునకును దీనితో సంబంధము కలదు. తెలుగు అక్షరములకు గుడులు, కొమ్ములు, వత్తులు చేర్చి, వానిని తగిన తావుల నిలుపుట కంప్యూటరునకు తేలిక పని గాదు. "స్త్రీ" అను ఒక్క యక్షరమునందే ఎన్ని ముక్కలు కూడవలెనో చూడుడు. ఆండ్రాయిడు ఫోనులందును, క్రోము, ఫైర్‌ఫాక్సులందును ఈ కూర్పుపని చేయునది హార్ఫ్‌బజ్ అను ఓపెన్ సోర్సు ప్రోగ్రామే. కనుక మన పిల్లవాడు ఫోనులో అమ్మమ్మకు తెలుగున రెండు ముక్కలు వ్రాసినప్పుడెల్ల, తానెన్నడును చూడని పనివారల చేతిపనిని వాడుకొనుచున్నాడన్నమాట.

పని జరుగు తీరు

ఒక ప్రోగ్రామును వాడుచుండిన యెవరికో అందొక దోషము కనబడును. వారు దానిని వ్రాసి తెలుపుదురు. మఱియొకరు ఆ దోషమును దిద్దు సవరణను వ్రాసి పంపుదురు. ఆ ప్రోగ్రామును కనిపెట్టియుండు నిర్వాహకుడు దానిని పంక్తి పంక్తిగ చదివి, ఇచట పొరపాటున్నది, అచట అస్పష్టముగ నున్నది, తిరిగి వ్రాసి తెమ్మనును. ఇట్లు నాలుగైదు పర్యాయములు తిరిగిన పిమ్మట గాని సవరణ అంగీకరింపబడకుండుటయు గలదు. కొన్ని యెన్నటికి నంగీకరింపబడవు.

కావున ఈ సంఘములందు నిత్యకృత్యము ఒకరి పనిలో నొకరు తప్పు పట్టుటయే. తప్పు పట్టుట మానినచో సాఫ్టువేరు చెడును. తప్పు పట్టు తీరు చెడినచో పనివారు విడిపోవుదురు. ఇదియే ఇందలి చిక్కు. ఈ చిక్కును పెంచు కారణములు నాలుగు కనబడుచున్నవి.

మొదటిది: వీరి మాటలన్నియు వ్రాతలే. ఎదుట నిలిచి "ఇదేమి పని?" అని నవ్వుచు అన్నచో స్నేహితుడు తానును నవ్వును. ఆ మాటనే కాగితముపై చదివినప్పుడు నవ్వు కనబడదు. అక్షరములు మాత్రమే కనబడును.

రెండవది: వీరు వేర్వేఱు దేశములవారు. వ్రాయునది ఇంగ్లీషే యైనను అది పలువురకు మాతృభాష గాదు. ఒక దేశమున సూటిమాట యనిపించునది వేఱొక దేశమున మొఱటుమాట యగును.

మూడవది: లినక్సు వంటి పెద్ద పనులలో పలువురకు కంపెనీలు జీతములిచ్చుచున్నను, చిన్న ప్రోగ్రాములను కనిపెట్టియుండువారిలో ననేకులు తమ కొలువు ముగిసిన పిదప, రాత్రులందును సెలవు దినములందును ఉచితముగ పనిచేయువారు. జీతగానిని కూలి నిలుపును. ఇట్టివారిని నిలుపునవి పనియందలి ప్రీతియు, తోడివారి మన్ననయు మాత్రమే.

నాలుగవది: నోటిమాట గాలిలో గలియును, ఈ వ్రాతలు బహిరంగముగ ఏండ్ల తరబడి నిలిచియుండును. ఇరువదియేండ్ల ప్రాయమున పడిన తిట్టును నలువదియవ యేటగూడ ఎవరైనను తీసి చదువవచ్చును. తిట్టినవాని పేరును అచటనే యుండును.

లినక్సు సంఘము నేర్చిన పాఠము

లినక్సు సంఘమున టోర్వాల్డ్సు గారి ఉత్తరములు మిక్కిలి వాడియైనవని చాలకాలము ప్రతీతి. లోపముగల సవరణ పంపినవారిని వారు అందఱును చూచుచుండగా పరుషముగ నిందించిన సందర్భములు పెక్కులు గలవు. దీనిని సమర్థించినవారును లేకపోలేదు. "కోట్లకొలది యంత్రములు ఆధారపడిన పనిలో లోపమునకు తావీయరాదు; మెత్తగ చెప్పిన వినరు; కనుక గట్టిగ చెప్పుటయే మేలు" అని వారి వాదము.

ఈ వాదమున సగము నిజము. లోపమునకు తావీయరాదనుట నిజమే. మెత్తగ చెప్పిన వినరనుట నిజము గాదు. పనిలో నేర్పరులైన కొందఱు ఆ పరుషత్వము నోర్వలేక లినక్సు పనినుండి తప్పుకొని, ఆ కారణమును బహిరంగముగనే వ్రాసిరి. ఇక ఆ వాడిమాటలను చూచి జంకి, తమ మొదటి యుత్తరమునైనను వ్రాయక దూరముననే నిలిచిపోయినవారిని లెక్కించుట ఎవరి తరము?

2015వ సంవత్సరమున ఆ సంఘమువారు ఒక చిన్న నియమపత్రమును వ్రాసికొనిరి. అది చాలలేదు. 2018వ సంవత్సరము సెప్టెంబరు 16వ తేదీన టోర్వాల్డ్సు గారే ఒక యుత్తరము వ్రాసి, తమ పరుషవాక్యములు తగనివనియు, వానివలన కొందఱు నొచ్చుకొని పనినే విడిచియుందురనియు ఒప్పుకొని, వారిని క్షమాపణ వేడిరి. ఇతరుల మనోభావములను గ్రహించి తగురీతిని నడచుకొనుట నేర్చుకొనుటకై కొంతకాలము సెలవు తీసికొనుచున్నామనియు తెలిపిరి. అప్పటికి వారి వయస్సు 48 ఏండ్లు; వారు ఆ పనికి పెద్దయై 27 ఏండ్లు గడచినవి. వారు లేని దినములలో గ్రెగ్ క్రో హార్ట్‌మను గారు పనిని నడిపి 4.19వ కూర్పును అక్టోబరు 22వ తేదీన వెలువరించిరి. అటుపిమ్మట టోర్వాల్డ్సు గారు మరల పని చేపట్టిరి. క్షమాపణ వెలువడిన ఆ దినములలోనే విపులమైన ప్రవర్తన నియమావళియు ఆ సంఘమున ఆమోదింపబడెను.

పెద్దవారు చిన్నవారిని నలుగురెదుట క్షమాపణ కోరుట మన యిండ్లలోను, బడులలోను అరుదైన విషయము. అట్లు చేసినచో పెద్దఱికము పోవునని మనవారి భయము. టోర్వాల్డ్సు గారి పెద్దఱికము పోలేదు. లినక్సు పని ఆగలేదు. లోపముగల సవరణలను త్రోసివేయుటయు మానలేదు. ఆ తరువాత ఆ సంఘమున తగవులే లేకపోయెనని మేము చెప్పము. కాని తగవు వచ్చినప్పుడు నొచ్చినవారు చెప్పుకొనుటకు ఒక పంచాయతీ యేర్పడినది.

పైథాను పెద్ద తప్పుకొనుట

పెద్దవారి మాటయే చిన్నవారిని నొప్పించునని తలంపరాదు. పలువురు కూడి ఒక పెద్దను నొప్పించుటయు గలదు. నేడు మన దేశమున పై తరగతుల విద్యార్థులు నేర్చుకొనుచున్న పైథాను అను ప్రోగ్రాము భాషను నిర్మించినవారు హాలెండు దేశీయులైన గైడో వాన్ రాసమ్ గారు. దాని మొదటి కూర్పు 1991వ సంవత్సరమున వెలువడెను. అప్పటినుండియు, ఆ భాషలో ఏది చేర్చవలెను, ఏది కూడదు అను తుది తీర్పు వారిదే.

2018వ సంవత్సరమున ఆ భాషలో ఒక చిన్న గుర్తును చేర్చవలెనను ప్రతిపాదన వచ్చెను. రెండు చుక్కలును, సమానపు గుర్తును కలిపిన చిహ్నమది. అంతకంటె నేమియు గాదు. దానిపై రేగిన వాదము మాత్రము నెలల తరబడి సాగెను. కావలెనన్నవారును, వలదన్నవారును వందలకొలది యుత్తరములు వ్రాసిరి. తుదకు వాన్ రాసమ్ గారు దానిని అంగీకరించిరి. అంగీకరించిన కొలది దినములకే, జూలై 12వ తేదీన, తాము పెద్దఱికమునుండి తప్పుకొనుచున్నామని వ్రాసిరి. ఒక్క ప్రతిపాదనకై ఇంతగా పోరాడి, తుదకు ఇంతమంది తమ నిర్ణయములను ఏవగించుకొనుట చూచి తాము విసిగితిమని వారి మాటల సారము. తమ తరువాత ఎవరో కూడ నియమింపక వెడలిరి.

ఆ సంఘమువారు కలతపడినను చెదరిపోలేదు. తమలో తాము ఆలోచించి, 2019వ సంవత్సరమున ఓటుచేత అయిదుగురు సభ్యులుగల పాలకసభను ఎన్నుకొనిరి. భారమొక్కని తలపై నుండరాదని వారు గ్రహించిరి. కాని ఒక విషయమును మనము గమనింపవలెను. ఆ వాదమున ఏ యొక్కని యుత్తరమును వాన్ రాసమ్ గారిని పంపివేసియుండదు. వాడొక మాట, వీడొక మాట. ప్రతివాడును తనది చిన్న మాటయే యనుకొనును. పడువానిపై మాత్రము అన్నియు కూడి పడును.

చొక్కా కొఱకు పంపిన సవరణలు

తిట్టకున్నంత మాత్రమున మర్యాద యగునా? కాదు. ఒరుల కాలమును వృథాచేయుటయు అమర్యాదయే. దీనికి 2020వ సంవత్సరపు అక్టోబరు నెలయే సాక్ష్యము. ఓపెన్ సోర్సు పనికి క్రొత్తవారిని పిలుచుటకై డిజిటల్ ఓషన్ అను కంపెనీవారు ఏటేట అక్టోబరు నెలలో హాక్టోబర్‌ఫెస్టు అను ఉత్సవమును జరుపుచుండిరి. ఆ నెలలో 4 సవరణలు పంపినవారికి ఒక చొక్కా బహుమానము. ఉద్దేశము మంచిదే. కాని ఆ యేడు చొక్కాపై మాత్రమే మనసు నిలిపినవారు, ప్రోగ్రామును చదువకయే, దాని పరిచయ పత్రమున ఒక విశేషణము చేర్చియు, ఒక చుక్క మార్చియు వేలకొలది సవరణలను పంపిరి. వారిలో మన దేశపు విద్యార్థులును ఉండిరి. ఉచితముగ పనిచేయు నిర్వాహకులు ఆ చెత్తను ఏఱి పాఱవేయుటలో దినములు గడపవలసి వచ్చెను. గోల మిక్కుటము కాగా, ఉత్సవము జరుపువారు అక్టోబరు తొలి దినములలోనే నియమమును మార్చి, తమంత తాము ఒప్పుకొనిన సంఘములకే ఆ పంపకములు వర్తించునని ప్రకటించిరి.

ఆ సవరణలలో ఒక్క తిట్టును లేకపోవచ్చును. "దయచేసి", "వందనములు" అను మాటలును ఉండియుండవచ్చును. అయినను అందు గౌరవము లేదు. ఎదుటివాని పనిని అర్థము చేసికొనుటకు తాను కొంత శ్రమపడుటయే గౌరవమునకు మొదటి గుర్తు.

ఒంటరి నిర్వాహకుడు

ఇప్పుడు చెప్పబోవునది వీనియన్నిటికంటె గట్టి హెచ్చరిక. పెద్ద ఫైళ్లను చిన్నవిగ కుదించుటకు ఎక్స్‌జెడ్ యుటిల్స్ అను ప్రోగ్రాము కలదు. లినక్సు కూర్పులలో అది దాదాపు అంతటను వాడబడుచున్నది. అంతటి ప్రోగ్రామును చాల యేండ్లుగ కనిపెట్టియుండినది ఒకే యొక మనిషి. అదియు జీతము లేకుండ, తీరిక వేళలందు.

2022వ సంవత్సరమున కొన్ని పేళ్లతో ఆయనకు ఉత్తరములు రాసాగెను. పని మందముగ సాగుచున్నదనియు, ఆయనకు శ్రద్ధ తగ్గినదనియు, చేతగానిచో పనిని వేఱొకరికి అప్పగింపవలెననియు వానిలో మరల మరల ఒత్తిడి చేసిరి. ఆయన తన ఇబ్బందులను చెప్పుకొని, ఇది కూలిలేని పనియని గుర్తుచేసెను. ఒత్తిడి తగ్గలేదు. ఆ కాలముననే మఱియొక పేరుగల సహాయకుడు మిక్కిలి వినయముతో, ఓపికతో ఉపయోగకరమైన సవరణలను పంపుచుండెను. అలసిన నిర్వాహకుడు క్రమముగ అతనికి అధికారములిచ్చెను. 2024వ సంవత్సరము ఫిబ్రవరిలో వెలువడిన 5.6.0 కూర్పున ఆ సహాయకుడు ఎవరికిని తెలియకుండ ఒక దొంగదారిని దాచియుంచెను. దానిద్వారా కొన్ని లినక్సు యంత్రములలోనికి దూరమునుండి చొఱబడుటకు వీలు కలిగెడిది.

ఆ దొంగదారిని కనిపెట్టినవారు ఆండ్రెస్ ఫ్రాయిండు అను ఇంజనీరు గారు. తమ యంత్రమున దూరప్రవేశమునకు దాదాపు అరసెకను అధికముగ పట్టుటను గమనించి, అరసెకనే గదా యని విడువక, కారణమును వెదకి వెదకి, 2024వ సంవత్సరము మార్చి 29వ తేదీన లోకమునకు తెలిపిరి. అప్పటికి ఆ కూర్పు నిత్యవ్యవహారమున వాడు యంత్రములకు విస్తారముగ ప్రాకలేదు. గొప్ప గండము తప్పినది. తొలుత ఒత్తిడి చేసిన పేళ్లును ఆ దొంగకు తోడుదొంగలవే యని పలువురి యభిప్రాయము.

ఇందు రెండు పాఠములు గలవు. ఒంటరిగ పనిచేయు అలసిన మనిషిని సూటిపోటి మాటలతో వేధించుట, కోటగోడను లోపలినుండి త్రవ్వుట వంటిది. ఆ దినములలో నలుగురు నిలిచి, "అయ్యా, మీ పని వలన మేము బాగుపడితిమి, మీ రోగమునకో, అలసటకో విశ్రాంతి తీసికొనుడు, మేము చేయదగినది చెప్పుడు" అని వ్రాసియుండినచో కథ వేఱుగ నుండెడిదేమో. ఇది మొదటి పాఠము. వినయమైన మాటలు గలవాడెల్ల నమ్మదగినవాడు కాడనుట రెండవది. ఆ దొంగ యెన్నడును ఎవరిని తిట్టలేదు. కనుక మర్యాదయనగా పరీక్షను మానుట గాదు. మనిషిని గౌరవింపవలెను, వాని పనిని మాత్రము, అన్నయైనను తమ్ముడైనను, పంక్తి పంక్తిగ పరీక్షింపవలెను. ఈ రెండును ఒకదానికొకటి విరోధము గావు.

సంఘముల నియమములు

ఇట్టి యనుభవములవలన పెక్కు సంఘములు ప్రవర్తన నియమావళులను వ్రాసికొన్నవి. 2004వ సంవత్సరమున తొలి కూర్పును వెలువరించిన ఉబుంటు సంఘము వీరిలో ముందు నడచినవారిలోనిది. ఉబుంటు అనునది ఆఫ్రికా ఖండపు దక్షిణభాగమున వాడుకలోనున్న మాట. తోటివారియెడ మానవత్వము అని దాని భావము. 1993వ సంవత్సరమున పుట్టిన డెబియను సంఘము 2014వ సంవత్సరమున సభ్యుల ఓటుచేత తన నియమావళిని ఆమోదించెను. ఆ యేడే కొరలీన్ అడా ఎమ్కీ గారు ఏ సంఘమైనను స్వీకరింపదగిన నియమావళి నొకదానిని వ్రాసిరి. 2018వ సంవత్సరమున లినక్సు సంఘము స్వీకరించిన నియమావళికి మూలమదియే.

డెబియనువారి నియమములలో ఒకటి మమ్ము ఆకర్షించినది: సంగ్రహముగ వ్రాయవలెనని వారు కోరుదురు. సంగ్రహమునకును మర్యాదకును సంబంధమేమి? మనము ఒక్కసారి వ్రాసినదానిని వందలమంది చదువుదురు. మనకు పది నిమిషములు మిగులుటకై వారందఱి పది నిమిషములను వ్యర్థపఱచుట తగునా? ఎదుటివాని యుద్దేశము మంచిదేయని మొదట తలంచి, ఆ పిమ్మట మాటలాడవలెననుట మఱియొక నియమము. మన తగవులలో సగము ఈ యొక్క నియమమువలననే సమసిపోవును.

నియమములకు శిక్ష తోడుగ నుండవలెనా అను విషయమున భేదాభిప్రాయములు గలవు. పెక్కు సంఘములందు తప్పుచేసినవానిని మొదట హెచ్చరింతురు; వినకున్న కొంతకాలము దూరముంతురు; అప్పటికిని వినకున్న వెలివేయుదురు. స్టాల్మను గారు 2018వ సంవత్సరమున గ్ను సంఘమునకు శిక్షలులేని సూచనలను మాత్రమే వ్రాసి, దయగ మాటలాడుట నేర్పుటయే ముఖ్యమనిరి. నొచ్చినవారికి రక్షణ కావలెనని మొదటివారందురు. నేర్పక శిక్షించిన ఫలమేమని రెండవవారందురు. మా మట్టుకు మాకు రెండును కావలెననిపించుచున్నది. పిల్లవానికి ముందు నేర్పవలెను; నేర్చియు పక్కవానిని కొట్టుచున్నచో కొట్టబడువానిని కాపాడవలెను.

వ్రాయు విధము

ఇక మన విద్యార్థులు ఇట్టి సంఘమునకు వ్రాయునప్పుడు పాటింపదగిన పద్ధతులను చెప్పుదుము.

దోషమును తెలుపునప్పుడు, "మీ ప్రోగ్రాము పనికిమాలినది, నా పని చెడినది, వెంటనే బాగుచేయుడు" అని వ్రాయుటవలన ఫలము లేదు. "ఈ ఫోనులో, ఈ కూర్పును వాడుచు, 'క్ష' తరువాత గుడి వ్రాయగా అక్షరము విడిపోయినది; మూడుమాఱులు చూచితిని, ప్రతిసారియు అట్లే యైనది; చిత్రమును జతపఱచితిని" అని వ్రాయవలెను. మొదటి యుత్తరము కోపమును తెలుపును. రెండవది దోషమును తెలుపును. నిర్వాహకునికి కావలసినది రెండవదే.

ప్రశ్న అడుగుటకు ముందు ఆ ప్రోగ్రాముతో వచ్చిన వివరణ పత్రములను చదువవలెను. పిమ్మట, "ఇది చదివితిని, ఇది చేసి చూచితిని, ఇచట ఆగితిని" అని చెప్పవలెను. మన కుఱ్ఱవారు ప్రతివారిని "సర్, సర్" అని సంబోధింతురు. గారు, అయ్యా అనక పెద్దవారిని పిలువలేని మన అలవాటే దీనికి మూలము, అందు తప్పులేదు. కాని అచట నిర్వాహకురాలు స్త్రీ కావచ్చును. వారి వాడుకలో పేరుతో పిలుచుటయే మర్యాద కావచ్చును. పదిమాఱులు సర్ అనుటకంటె, ఒకమాఱు వివరణ పత్రమును చదివివచ్చుట అచట ఎక్కువ గౌరవముగ నెన్నబడును.

ఇతరుల సవరణను త్రోసివేయవలసి వచ్చినప్పుడు, "నీకు ఓనమాలైనను రావు" అనరాదు. "ఈ పంక్తిలో సున్నతో భాగించు అవకాశమున్నది, దానిని తొలగించి మరల పంపుడు, మొదటి భాగము బాగున్నది" అనవలెను. తప్పు పూర్తిగ చెప్పబడినది. మనిషి మాత్రము మిగిలినాడు.

తన సవరణయే త్రోసివేయబడినప్పుడు వెంటనే బదులు వ్రాయరాదు. ఒక రాత్రి గడువనీయవలెను. ఉదయమున చదివినప్పుడు, తిట్టు అనుకొన్నది సలహాయని పలుమాఱులు తెలియును. నిజముగ తిట్టే యైనచో, మాఱుతిట్టు వ్రాయక ఆ సంఘపు పెద్దలకు తెలుపవలెను. తానే నోరుజాఱినచో, "మీరు నొచ్చుకొనియున్నచో" అను డొంకతిరుగుడు మాటలు వలదు. "నేను అట్లు వ్రాయుట తప్పు, క్షమింపుడు" అనిన చాలును.

మన బాలబాలికలకు

తెలుగునకు సంబంధించిన పనులు ఈ ఉమ్మడి చెఱువున ఎన్నియో మిగిలియున్నవి. తెలుగు వికీపీడియా 2003వ సంవత్సరమున మొదలై, ఉచితముగ వ్రాయువారి శ్రమచేతనే పెరుగుచున్నది. ప్రోగ్రాములందలి మాటలను తెలుగు చేయువారు కావలెను. తెలుగు లిపులను దిద్దువారు కావలెను. తెలుగున దోషములను పరీక్షించువారు కావలెను. అక్కడ ఒకరు "ఫైలు" అనవలెనందురు, వేఱొకరు "దస్త్రము" అనవలెనందురు. ఒకరిది కోస్తా వాడుక, ఇంకొకరిది తెలంగాణా వాడుక. ఆ వాదములలో దిగునప్పుడు మా విద్యార్థులు పైథాను పెద్దను తలచుకొందురుగాక.

దీనికి అభ్యాసము కంప్యూటరు లేకయే మొదలిడవచ్చును. తరగతిలో పక్కవాని లెక్కను దిద్దునప్పుడు, ఏ మెట్టున తప్పెనో చూపి, మిగిలిన మెట్లు సరిగనున్నవని చెప్పుడు. మీ లెక్కను మఱియొకరు దిద్దినప్పుడు వారికి వందనము చెప్పుడు. తలిదండ్రులును, మేమును గూడ పిల్లలయెదుట పొరపడినప్పుడు ఆ పొరపాటును ఒప్పుకొనుట నేర్చుకొందుముగాక. ఇట్టి యలవాటుతో పెరిగిన బాలుడో బాలికయో పదియేండ్ల పిమ్మట ఏ దూరదేశపు నిర్వాహకునికో తన మొదటి సవరణను పంపినప్పుడు, ఆ యుత్తరమును విప్పిన అలసిన మనిషి సంతోషించి మఱునాడును పనికి వచ్చునని మా నమ్మకము.